నల్ల ఇసుక వేడెంత? ఋషికుల్య పక్క తీరంలో మా కొలతల డైరీ

జనవరి 12, 2025, ఆదివారం

మిట్టమధ్యాహ్నం ఒడిశా గంజాం తీరంలోని ఆర్యపల్లి ఒడ్డున చెప్పులు లేకుండా నడిస్తే తెల్ల ఇసుకలో కాలు చురుక్కుమంటుంది. నల్ల చార మీద అడుగు పడిందా, గంతు వేయాల్సిందే. పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకువెళితే ఒక అమ్మాయి గంతు వేసి, ఆగి, అడిగింది: "మాస్టారూ, తాబేలు తెలియక ఈ నల్ల ఇసుకలో గుడ్లు పెడితే ఉడికిపోవా?"

నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు ఇది. ఇక్కడికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు పిల్ల ఆడదో మగదో తేల్చేది తల్లీ కాదు, తండ్రీ కాదు, గూటిలోని వేడి. దాదాపు 29 డిగ్రీలకు అటూ ఇటూ ఒక గీత ఉంటుంది. అంతకన్నా చల్లని గూటిలో మగ పిల్లలు, వేడి గూటిలో ఆడ పిల్లలు ఎక్కువ. గుడ్డు పొదిగే కాలాన్ని మూడు భాగాలు చేస్తే, ఈ నిర్ణయం జరిగేది నడిమి భాగంలో. మన ఒడిశాలోనే ఉత్కళ విశ్వవిద్యాలయంలో ప్రియంబద మొహంతి హెజ్మాడీ 1980ల్లో ఈ తాబేలు గుడ్ల మీద వేడి ప్రభావాన్ని పరిశీలించారు. ఆవిడ పేరున్న ఒడిస్సీ నర్తకి కూడా. ఈ సంగతి చెప్పగానే తరగతిలో ఆడపిల్లలు నిటారుగా కూర్చున్నారు.

కాబట్టి ఇసుక రంగు వల్ల గుడ్డు ఉండే లోతున ఒక డిగ్రీ తేడా వచ్చినా చిన్న విషయం కాదు. కొలుద్దాం అనుకున్నాను. జట్టులో నేను, ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు, ఆర్యపల్లిలో వేట మానుకుని వలలు అల్లుకుంటున్న ఒక తాత. ఆయన మా బడిలో చదివే ఒక కుర్రాడికి తాత, అందుకని మా అందరికీ తాతే.

తాబేళ్లు గుంపుగా గుడ్లు పెట్టే తీరం ఋషికుల్య నది ముఖద్వారానికి ఉత్తరాన పొడంపేట, గోఖరకుదా వైపు. అక్కడ ఈ కాలంలో మనలాంటివాళ్లు కాలు పెట్టకూడదు, పెట్టకపోవడమే మంచిది. అందుకే దక్షిణాన, అప్పుడో ఇప్పుడో ఒకటీ అరా తాబేలు వచ్చే ఒడ్డును ఎంచుకున్నాం. గూళ్లను ముట్టుకోం, వట్టి ఇసుకనే కొలుస్తాం అని రాసిచ్చి అనుమతి తెచ్చుకున్నాం.

జనవరి 19

వేడిని కొలిచే సెన్సర్లు వచ్చాయి. డీఎస్18బీ20 అనే రకం, వేలెడంత ఉక్కు గొట్టంలో బిగించి మీటరు తీగతో వస్తాయి. అర డిగ్రీ వరకు తప్పు చూపవచ్చని తయారీదారే ఒప్పుకుంటాడు. మేము వెతికే తేడాయే ఒక డిగ్రీ అయినప్పుడు అర డిగ్రీ తప్పును భరించలేం. అందుకని ఒక్కొక్క దానినీ కరుగుతున్న ఐసులో పెట్టి, సున్నా దగ్గర ఎంత చూపుతుందో రాసుకోవాలి.

ఐసుకేం కరువు, చేపల రేవు పక్కనే ఉంది అనుకుని తాత ఇంటి దగ్గర పెట్టెలోంచి ఒక గడ్డ తెచ్చాం. రోకలితో దంచి, మా ఆవిడ టీ ఫ్లాస్కులో పోసి, కాసిని నీళ్లు కలిపి, తొమ్మిది సెన్సర్లూ ముంచాం. అన్నీ మైనస్ ఒకటిన్నర దగ్గర నిలబడ్డాయి. మేనల్లుడు అంకెలు చదివే ప్రోగ్రామును రెండు గంటలు తిరగేశాడు. తొమ్మిదీ కూడబలుక్కున్నట్టు ఒకే అబద్ధం చెబుతాయా అని నాకు అప్పుడు తట్టింది. ఐసు గడ్డను నాలుక మీద పెట్టుకుంటే ఉప్పన! చేపల పెట్టెలో ఉప్పునీరు పట్టిన ఐసు అది, దాని సున్నా సున్నా కాదు. ఆ రుచి రాత్రి దాకా నోట్లోంచి పోలేదు.

సోడా బడ్డీ నుంచి మంచినీళ్ల ఐసు తెచ్చి మళ్లీ చేశాం. ఈసారి ఒక్కొక్కటి ఒక్కో దారి: 0.2, 0.4, మైనస్ 0.1, ఒకటి ఏకంగా 0.9. మరిచిపోకుండా తీగల మీద గోళ్ల రంగుతో చుక్కలు పెట్టాం. 0.2కి రెండు చుక్కలు, 0.4కి నాలుగు. మైనస్‌కు నల్ల దారం. గోళ్ల రంగు, ఫ్లాస్కు రెండూ ఒకే మనిషివి కాబట్టి ఆ పూట ఇంట్లో వాతావరణం గురించి ఇక్కడ రాయను.

జనవరి 26

జెండా వందనం అయ్యాక నేరుగా ఒడ్డుకు. ఈ రోజు పని ఇసుకను తెలుసుకోవడం.

నల్ల చారలోంచి రెండు గుప్పెళ్లు, తెల్ల చోటు నుంచి రెండు గుప్పెళ్లు, అంతే తీసుకున్నాం. ఇది అణు ఖనిజాలున్న ఇసుక. మోసుకుపోవడం తప్పు, పని కాగానే తిరిగి అక్కడే పోసేశాం. ఎండబెట్టి తూచిన 50 గ్రాముల నల్ల ఇసుకను కాగితం మీద పరిచి, పాత హార్డ్‌డిస్కులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పైన తిప్పాం. ఇసుకకు నలుపు తెచ్చే ఇల్మెనైట్ అనే ఖనిజం మామూలు అయస్కాంతానికి అంతగా లొంగదు, బలమైన ఈ నియోడిమియం ముక్కకు లొంగుతుంది. కవరుకు బొచ్చులా పట్టుకున్న రేణువులను పక్కకు తెచ్చి, లోపలి అయస్కాంతాన్ని బయటికి లాగితే జలజలా రాలిపోతాయి. నాలుగు విడతల్లో 33 గ్రాములు అలా వేరయ్యాయి. తెల్ల ఇసుకలో అదే పని చేస్తే 3 గ్రాములు కూడా రాలేదు.

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం కింద ఆ 33 గ్రాములు ఒక పెళ్లి పందిరి. నల్లగా, కోణాలు అరిగి మెరిసేది ఇల్మెనైట్. దానిమ్మ గింజ పగలగొట్టినట్టు గులాబీ ఎరుపులో గార్నెట్. అయస్కాంతానికి రాని మిగతా దాంట్లో అద్దం తునకల్లా జిర్కాన్, సన్నని పుల్లల్లా సిల్లిమనైట్, అక్కడక్కడ తేనె బొట్టులాంటి పసుపు రేణువు. అది మోనజైట్ కావచ్చు. అణుశక్తికి పనికొచ్చే థోరియం దాంట్లోనే ఉంటుంది.

ఇవన్నీ ఎక్కడివి? పడమట కనిపించే కొండలవి. తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే రాయి ఉంది. ఈ కొండల్లో ఉండే కోదులనే గిరిజనుల పేరు మీద 1902లో భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ పెట్టిన పేరు అది. సింహాచలం కొండ ఆ రాయే, కోణార్క గుడి కట్టింది ఆ రాయితోనే. దానిలో గార్నెట్, సిల్లిమనైట్ సహజంగానే ఉంటాయి. కొండ పుచ్చి మట్టి అవుతుంది, వాగులు నదికి తెస్తాయి, నది సముద్రానికి ఇస్తుంది. దారింగ్‌బాడి కొండల్లో పుట్టిన ఋషికుల్య 165 కిలోమీటర్లు నడిచి ఇదే పని చేస్తోంది.

ఆ తర్వాత అంతా గాలింపు. బియ్యం గాలించేటప్పుడు గిన్నె వంచి నీళ్లతో ఊపితే బియ్యం పైకి జారి, రాళ్లు అడుగున నిలబడతాయి కదా. అల కూడా ఒడ్డు మీద అదే చేస్తుంది. తెల్ల ఇసుకలోని క్వార్ట్జ్ సాంద్రత 2.65, ఇల్మెనైట్‌ది 4.7. పెద్ద అల తేలిక రేణువును వెనక్కి లాక్కుపోతుంది, బరువు రేణువు అక్కడే దిగబడుతుంది. తుపాను వెళ్లిన మర్నాడు ఒడ్డు నల్లగా కనబడేది అందుకే. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక వారం రోజుల పాటు ఈ ఒడ్డు కాటుక పూసుకున్నట్టు ఉందని తాత చెప్పాడు. ఛత్రపురం పక్కన ఇసుక ఖనిజాల కర్మాగారం 1986 నుంచి నడుస్తున్నదీ ఈ గాలింపు పుణ్యాన్నే.

ఫిబ్రవరి 2

గుంజలు పాతాం. ఇనుప కడ్డీ వేడిని పైనుంచి కిందికి మోసుకుపోతుంది కనుక వెదురు వాడాం. ఒక్కో గుంజకు మూడు సెన్సర్లు: 5 సెంటీమీటర్ల లోతున ఒకటి, 20 దగ్గర ఒకటి, 45 దగ్గర ఒకటి. ఆలివ్ రిడ్లే గూడు అడుగు సుమారు 45 దగ్గర ఉంటుంది. తీగను కూడా సెన్సరు నుంచి జానెడు దూరం అడ్డంగా పరిచాకే పైకి తెచ్చాం, లేకపోతే ఎండకు కాగిన తీగే లోపలికి వేడి చేరవేస్తుంది.

చోట్లు మూడు. ఒడ్డు మీద ఎత్తున నల్ల చోటు, దానికి నలభై అడుగుల్లో తెల్ల చోటు, పోటు గీతకు కాస్త పైన తడి చోటు. తవ్వినప్పుడు పై ఇసుక ఒక పక్క, లోపలి ఇసుక ఒక పక్క పోసి, మళ్లీ అదే వరుసలో కప్పాం. ఈ జాగ్రత్త చూసి తాతకు విసుగొచ్చింది. "తాబేలు ఇంత ఆలోచిస్తే ఒక్క గుడ్డూ పెట్టదు, మాస్టారూ."

ఒడ్డు వాలు కొలవడానికి రెండు కర్రలు, మధ్య తాడు చాలు. 1961లో కె.ఓ. ఎమరీ అనే శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి. రెండు కర్రలూ ఒకే ఎత్తువి. సముద్రం వైపు కర్ర కొసనూ దూరాన నీళ్లూ ఆకాశం కలిసే గీతనూ ఒకే చూపులో కలిపి, ఆ చూపు మన దగ్గరి కర్రను ఎక్కడ తాకుతుందో చూస్తే ఆ రెండు కర్రల మధ్య ఎంత పల్లం ఉందో తెలిసిపోతుంది. పడవ మీద బతికిన తాత కంటికి ఆ గీత మాకన్నా స్పష్టంగా కనబడుతుంది. కొలతలన్నీ ఆయనే చెప్పాడు, మేము రాసుకున్నాం.

ఫిబ్రవరి 8, రాత్రి

బ్యాటరీ మార్చడానికి వెళ్లాం. లేకపోతే ఇది చూసేవాళ్లం కాదు.

పదిన్నర వేళ తాత నా భుజం నొక్కి ఆపాడు. టార్చి ఆర్పేశాం. నీటి అంచున ఒక బండరాయి కదిలింది. ఆగి, కదిలి, ఆగి, పావుగంటకు మా తడి చోటు దాటి పైకి వచ్చింది. మేము దూరంగా, దాని వెనక వైపు బోర్లా పడుకున్నాం. ముందు కాళ్లతో పై ఇసుకను చిమ్మింది. తర్వాత వెనక కాళ్లు. ఒక కాలు గరిటెలా వంగి లోపలికి దిగుతుంది, గుప్పెడు తడి ఇసుకను పైకి తెచ్చి పక్కన పెడుతుంది. ఆ వెంటనే రెండో కాలు దిగుతుంది. వెనక్కి తిరిగి చూడదు. చూడకుండానే కూజా ఆకారంలో గొయ్యి తీసింది. గుడ్లు పెట్టి కప్పాక, ఆ చిన్న శరీరాన్ని అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను దడదడ కొట్టి గట్టిపరిచింది. పొత్రంతో నేల దంచుతున్నట్టు ఆ చప్పుడు మా పొట్టల కింది ఇసుకలో తెలిసింది.

వెళ్లిపోయాక తాత మెల్లగా అన్నాడు: "చూశారా, తడి తగిలేదాకా తవ్వింది. పొడి ఇసుకలో గొయ్యి నిలవదు, కూలిపోతుంది."

నేను రంగు గురించి ఆలోచిస్తున్నాను. తాబేలు తడి గురించి ఆలోచిస్తోంది. ఈ ముక్క నోట్సులో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

ఫిబ్రవరి 27

ఉత్తరాన ఋషికుల్య దగ్గర 16వ తేదీన తాబేళ్లు గుంపుగా రావడం మొదలైంది. వారం పైగా సాగింది. అటవీశాఖ లెక్క దాదాపు 7 లక్షలు. పోయిన ఏడాది గుంపు అసలు రానే లేదు, ఈసారి వడ్డీతో సహా తీర్చినట్టుంది. గోఖరకుదాలో తాత వియ్యంకుల ఇల్లు ఉంది. ఒడ్డున అడుగు పెట్టడానికి చోటు లేదట, వెనక వచ్చినవి ముందు వచ్చినవాటి గుడ్లు తవ్వి బయట పడేస్తున్నాయట. కుక్కలు, నక్కలు రాకుండా వల కంచె కట్టారు. ఒరియాలో కఇంఛ, తెలుగులో తాబేలు, పిలుపు ఏదైనా అక్కడివాళ్లు ఆ రోజుల్లో వేట సంగతి ఎత్తలేదని ఆయన చెప్పాడు.

మా గుంజల దగ్గర విశేషమేమీ లేదు. కనెక్షన్లకు ఉప్పు పట్టి పచ్చగా చిలుము వచ్చింది, వేజలిన్ పూశాం.

మార్చి 9

ఐదు వారాల అంకెలు ఒకచోట పెట్టి చూశాం.

మధ్యాహ్నం ఒకటిన్నరకు 5 సెంటీమీటర్ల లోతున నల్ల చోటు 46, తెల్ల చోటు 41. ఆ అమ్మాయి గంతు న్యాయమైనదే. 20 దగ్గర తేడా రెండు డిగ్రీలకు పడిపోయింది. 45 దగ్గర వారం సగటు నల్లది 30.6, తెల్లది 29.8, తడిది 28.7. ఇవన్నీ ఐసు దగ్గర తేలిన తప్పులు తీసేశాక మిగిలినవి.

ఒక వింత. 5 సెంటీమీటర్ల దగ్గర మధ్యాహ్నం రెండు లోపే వేడి పతాక స్థాయికి చేరుతుంది. 20 దగ్గర రాత్రి ఏడూ ఎనిమిదికి. 45 దగ్గర ఎప్పుడనుకున్నారు? తెల్లవారుజామున మూడింటికి! పగటి ఎండ ఇసుకలో అలలా దిగుతుంది. దిగేకొద్దీ ఆలస్యమవుతుంది, చిన్నదవుతుంది. పైన ముప్పై డిగ్రీల దాకా ఊగే అల కింద అర డిగ్రీకి మించి ఊగదు. మనం వెన్నెల్లో చల్లగాలికి కూర్చున్నప్పుడు గుడ్ల దగ్గర మిట్టమధ్యాహ్నం నడుస్తోందన్నమాట. ఈ గ్రాఫు చూసి మేనల్లుడు గడియారమే చెడిందని అరగంట వాదించాడు.

నల్లకూ తెల్లకూ 0.8 తేడా. ఇది నిజమా, సెన్సర్ల చలవా? తేల్చడానికి ఈ రోజు నల్ల గుంజ సెన్సర్లు తెల్ల దానికి, తెల్లవి నల్ల దానికి మార్చి పాతాం. తేడా ఇసుకదైతే చోటు దగ్గరే ఉండాలి, సెన్సరుదైతే వాటి వెంట పోవాలి.

మార్చి 23

తేడా చోటు దగ్గరే ఉంది. 0.7. చాలు.

కానీ తడి చోటు నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. తవ్వి చూస్తే అక్కడి ఇసుక పైకి బూడిద రంగే కానీ రెండంగుళాల కింద నల్ల పొరలు ఉన్నాయి. పుస్తకం పేజీల్లా ఒక నల్ల పొర, ఒక తెల్ల పొర. అయినా అది అన్నిటికన్నా చల్లన. తడి ఇసుకను వేడెక్కించాలంటే ఎక్కువ ఎండ కావాలి, ఎక్కిన వేడిలో కొంత ఆవిరి పట్టుకుపోతుంది. రంగు ఇచ్చినదాన్ని నీరు తీసేసుకుంటోందా?

దీనికి జవాబు కావాలంటే నల్ల చోటు తడవాలి. బిందెలతో పోస్తే సరిపోదు, వాన రావాలి.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని, పంచాంగ శ్రవణం వదిలేసి వెళ్లాను. తాత ఫోనులో ఒక్క మాటే చెప్పాడు: "తడి గుంజ లేదు, మాస్టారూ."

తప్పు నాదే. నిన్న అమావాస్య. చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వచ్చిందీ ఈ రోజే. ఆ రెండూ కలిసిన పోటు మామూలు పోటు గీతను లెక్కచేయదు. నేను ఫిబ్రవరిలో పోటు గీత చూసి దానికి "కాస్త పైన" పాతాను. ఆ కాస్త ఎంత ఉండాలో క్యాలెండరు చూస్తే తెలిసేది, ఇంట్లో గోడకు వేలాడుతూనే ఉంది. ఒడ్డు మోకాలెత్తు మేర నిలువునా కోసుకుపోయింది. ఆ కోత ముఖం మీద నల్ల తెల్ల పొరలు మాత్రం అందంగా కనబడ్డాయి, కోపం వచ్చినా ఫోటో తీశాను.

అక్కడ గూడు పెట్టిన తాబేలుదీ ఇదే గతి. చల్లగా ఉంటుంది కదా అని కిందికి వస్తే పోటు పట్టుకుపోతుంది, పైకి పోతే ఎండ. ఉత్తరాన సముద్రం కోతకు పాత పొడంపేట జనమే ఇళ్లు వదిలి కొత్త పొడంపేట కట్టుకోవలసి వచ్చింది. గుడ్డుకు ఆ వెసులుబాటు లేదు.

ఏప్రిల్ 13

వాన వచ్చింది. సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు, గంటన్నర కుండపోత. మా బడి రేకులు రెండు ఎగిరిపోయాయి, వాటి గురించి హెడ్మాస్టరు గారు బాధపడుతుంటే నేను నల్ల గుంజ గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను, ఆయన గమనించారు కూడా.

వానకు ముందు 45 సెంటీమీటర్ల దగ్గర నల్లది 32.1, తెల్లది 31.3. వాన వెలిసిన రెండో రోజుకు నల్లది 30.2, తెల్లది 30.0. రెండూ దిగాయి, నల్లది ఎక్కువ దిగింది. 0.8 తేడా 0.2 అయ్యింది. ఐదు రోజులు ఎండ కాశాక మళ్లీ 0.6కు పాకింది.

అంటే రంగు మాట వట్టిది కాదు, అయితే దానిది పొడి రోజుల పెత్తనం. నీరు ఉన్నంతసేపూ నీటిదే రాజ్యం. ఇది ఒకే ఒడ్డు, రెండు గుంజలు, ఒక్క వాన. ఇంతకు మించి దీని మీద బరువు వేయను. పైగా మేము కొలిచింది వట్టి ఇసుక. నిజమైన గూటిలో వందకు పైగా గుడ్లు ఉంటాయి, పిండాలు ఎదిగేకొద్దీ వాటి ఒంటి వేడే గూటిని చివరి రోజుల్లో ఒకటి రెండు డిగ్రీలు పెంచుతుంది.

ఉత్తరాన పిల్లలు బయటికి వస్తున్నాయి. చీకట్లో వెలుతురున్న వైపు నడవడం వాటి గుణం. ఒకప్పుడు ఆ వెలుతురు సముద్రానిది మాత్రమే, ఇప్పుడు వెనక రోడ్డు దీపాలు, కర్మాగారాల దీపాలు. దీపాలు తగ్గించమని ఊళ్లలో చెప్పి వెళ్లారట.

మే 4

గుంజలు పీకేశాం. ఎండ నిలవనివ్వడం లేదు, రెండు తీగల పై తొడుగు పెళుసెక్కి విరిగింది.

తొమ్మిదో తరగతి అమ్మాయికి, ఇప్పుడు పదో తరగతి, గ్రాఫు చూపించాను. చాలాసేపు చూసింది. "అయితే ఉడకవు. కానీ ఎండలు ముదిరితే అన్నీ ఆడపిల్లలే పుడతారు, అంతేనా?" అంది. అంతే అన్నాను. "మరి తాబేళ్లు ఇంకా ముందే, చలికాలంలోనే వచ్చేయవచ్చుగా?" దానికి వచ్చే జనవరి నుంచి మళ్లీ గుంజలు పాతాలి. ఈసారి నాలుగు, తడి చోటును అమావాస్య పోటు లెక్క చూసుకుని.

మే 11

తాత ఉదయమే ఫోను చేశాడు. మన వెదురు గుంజ దొరికింది, మనవడిని పంపిస్తున్నాను అని. ఉగాది నాడు పోయినది, ఉత్తరాన ఋషికుల్య ముఖం దగ్గర ఇసుక మేట మీద ఎవరో చిన్న పడవవాళ్లు చూసి, తీగలు వేలాడుతుంటే ఇది ఆర్యపల్లి మాస్టారిదే అయి ఉంటుందని తెచ్చి ఇచ్చారట. ఈ తీరంలో కెరటం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తుందని పాఠం చెబుతూ ఉంటాను. వెదురు కూడా ఆ దారినే పోయింది.

మూడు సెన్సర్లలో రెండు ఊడిపోయాయి. మిగిలిన ఒకటి 45 దగ్గరది, తీగ మీద గోళ్ల రంగు రెండు చుక్కలు అలాగే ఉన్నాయి. కడిగి, తీగ కొస చెక్కి, సోడా బడ్డీ ఐసు దంచి ఫ్లాస్కులో పెట్టాం. మా ఆవిడే గడియారం చూస్తూ పక్కన నిలబడింది. ఐదు నిమిషాలకు అంకె కుదురుకుంది. 0.2.